రెప్పల వాపుకు కారణం రెండు రోజుల వెనక దొరికింది

2024 సెప్టెంబర్ 6, శుక్రవారం. మరునాడు వినాయక చవితి. ఇల్లు కడుక్కోవాలి, పత్రి తెచ్చుకోవాలి, ఉండ్రాళ్లకు బియ్యపు రవ్వ పట్టించాలి అన్న ఆలోచనలతో తెల్లవారుజామున ఐదింటికే మెలకువ వచ్చింది గానీ, కళ్లు మాత్రం సగానికి మించి తెరుచుకోలేదు. నిద్రమత్తు అనుకుని చన్నీళ్లతో ముఖం కడుక్కుంటే, వేళ్లకు తగిలిన రెప్పలు ఎవరివో అన్నంత మందంగా ఉన్నాయి. అద్దంలో చూసుకున్నాను. పై రెప్పల మీద ఉండాల్సిన మడత గీత రెండు కళ్లకూ పూర్తిగా మాయమైంది. చర్మం బిగుసుకుపోయి, గులాబీ రంగు తేలి, నూనె రాసినట్టు మెరుస్తోంది. దానికి తోడు దురద. దోమ కుట్టిన చోట పుట్టే దురద వంటిది కాదది. గోకినంతసేపూ ప్రాణానికి హాయిగా ఉండి, చెయ్యి తీయగానే రెట్టింపు మంటతో తిరిగి పట్టుకునేది.

ఆ ఉదయం మొదలుకొని అసలు కారణం తెలిసే వరకు సరిగ్గా పదకొండు వారాలు పట్టింది. అందులో చాలా వారాలు నేను 'రెప్పలకు ఏం రాశాను, నిన్న ఏం తిన్నాను' అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాను. జవాబు ఆ రెండింటిలోనూ లేదు. ఇదే బాధతో అద్దం ముందు నిలబడి ఏం చేయాలో తోచక సతమతమవుతున్న వారికి నా అనుభవం కొంతైనా దారి చూపుతుందనే ఆశతో, జరిగినది జరిగినట్టుగా రాస్తున్నాను.

మాది హనుమకొండ శివారులో కొత్తగా వెలసిన కాలనీ. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఆ రోజు నన్ను చూసి అత్తమ్మ కంగారు పడింది. "ఏంది బిడ్డా, కండ్లు గిట్ల ఉబ్బినయి? ఒంట్లె వేడి చేసినట్టుంది. వంకాయ కూర వద్దంటే వినకపోతివి" అంటూ పెరట్లోకి వెళ్లి నందివర్ధనం పూలు తెచ్చి, చన్నీళ్లలో ముంచి, రెప్పల మీద పెట్టింది. నిజంగానే ఉపశమనం కలిగింది. ఆ చల్లదనానికి ఉబ్బిన రక్తనాళాలు కుంచించుకుపోయి దురద కాసేపు అణగుతుంది. చల్లని నీటిలో తడిపిన మెత్తని నూలుగుడ్డతోనూ అంతే ఫలితం ఉంటుందని తరువాత చర్మవైద్యురాలు చెప్పారు. పూలే పెట్టుకోదలచిన వారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నందివర్ధనం తొడిమ తుంచితే కారే పాలు రెప్పల మీద పడితే మంట మరింత పెరుగుతుంది. అత్తమ్మకు ఆ సంగతి తెలుసు. రేకులు మాత్రమే, కడిగి మరీ పెట్టింది. వంకాయ, గోంగూర, చేపలు మానేయమన్న ఆమె మాట కూడా నెల రోజులు పాటించాను. వాటికీ ఈ వాపుకూ సంబంధం లేదని తేలాక తిరిగి తింటున్నాను, ఏ ఇబ్బందీ లేదు.

చవితి మరునాడు కాలనీ దగ్గరలోని వైద్యుడి వద్దకు వెళ్లాను. ఆయన ముందుగా అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. జ్వరం ఉందా? కన్ను కదిలిస్తే నొప్పి వస్తోందా? చూపు మసకబారిందా? పెదవులు, నాలుక వాచాయా? ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందా? రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారా? వీటిలో ఏ ఒక్కదానికి 'అవును' అన్నా కథ వేరేగా ఉండేది. ఒక్క కన్ను మాత్రమే ఎర్రగా వాచి, జ్వరం, నొప్పి ఉంటే అది రెప్పలోనో కంటి గుంతలోనో చేరిన సూక్ష్మజీవుల పని కావచ్చు. దానికి గంటల మీద వైద్యం అందాలి. పెదవులు, నాలుక కూడా వాచి ఊపిరి ఆడకపోతే నేరుగా అత్యవసర విభాగానికి పరుగెత్తవలసిందే. రక్తపోటుకు వాడే కొన్ని రకాల మాత్రల వల్ల కూడా ముఖం, పెదవులు ఇలా ఉన్నట్టుండి వాచవచ్చు. దురద ఏమీ లేకుండా, పొద్దున లేవగానే కళ్లు ఉబ్బి, సాయంత్రానికి ఆ ఉబ్బు పాదాలకు దిగుతూ, మూత్రంలో నురగ కనిపిస్తే మూత్రపిండాలను అనుమానించాలి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. థైరాయిడ్ మందగించినా కళ్లు ఉబ్బుతాయి, కానీ అది ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. నాకు మూత్ర పరీక్ష, థైరాయిడ్ పరీక్ష రెండూ చేయించారు. రెండూ సవ్యంగానే ఉన్నాయి. అలర్జీ అని చెప్పి సెటిరిజిన్ మాత్రలు ఇచ్చారు. రాత్రి నిద్ర పట్టడానికి అవి పనికొచ్చాయి గానీ వాపు మీద ప్రభావం కనిపించలేదు. ఆ మాత్ర పనిచేయకపోవడమే ఒక ఆధారమని అప్పట్లో నాకు తట్టలేదు.

నా అనుమానం మొదటి నుంచీ జుట్టుకు వేసుకున్న రంగు మీదే. పండుగ వస్తోందని సెప్టెంబర్ 1న, ఆదివారం నాడు, ఎప్పుడూ వాడే నల్ల రంగే వేసుకున్నాను. జుట్టు రంగుల్లో ఉండే పారాఫినైలిన్ డయామిన్ అనే రసాయనం ఎంతమంది ముఖాలు వాచడానికి కారణమవుతోందో చదివి ఉన్నాను. అమెరికాలోని స్పర్శ చర్మవ్యాధుల వైద్య సంఘం 2006లో దాన్ని ఆ సంవత్సరపు అలర్జీ కారకంగా ప్రకటించింది కూడా. మన దగ్గర 'నల్ల గోరింట' పేరుతో దొరికే పొడుల్లో నలుపు తెచ్చేది గోరింటాకు కాదు, చాలా వరకు ఇదే. తలకు రాసుకున్నది రెప్పలకు ఎలా తగులుతుందని అనిపించవచ్చు. మాడు చర్మం మందమైనది కాబట్టి తట్టుకుంటుంది. స్నానం చేసేటప్పుడు జారిన నీరు రెప్పలకు, చెవులకు, మెడకు తగిలి అక్కడ పొంగుతుంది. ఇంత తెలిసినదాన్ని కాబట్టే కారణం దొరికిందని రూఢి చేసుకుని, రంగు మానేసి, నెరిసిన జుట్టుతోనే బడికి వెళ్లాను. రంగు తప్పు అయి ఉంటే నుదుటి మీద జుట్టు మొదలయ్యే అంచు, చెవి తమ్మెలు కూడా ఎర్రబడి ఉండాలి. అవి శుభ్రంగా ఉన్నాయి. చూసి కూడా పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. దాన్ని దాచకుండా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నాలుగైదు రోజులైనా దురద తగ్గకపోవడంతో మందుల దుకాణంలో అడిగితే, వైద్యుల చీటీ అడగకుండానే ఒక ట్యూబు చేతిలో పెట్టి "అందరూ ఇదే వాడుతున్నరు మేడం, రెండు రోజుల్ల తగ్గుతది" అన్నారు. రెండు రోజుల్లో నిజంగానే తగ్గింది. వారం రోజులు రాశాను. ఆపిన మూడో రోజుకు రెప్పలు పలచబడి, సన్నని ముడతలతో, ఉల్లిపొర మీద ఎర్ర గీతలు గీసినట్టు తయారయ్యాయి. అది తీవ్రమైన స్టెరాయిడ్‌తో పాటు క్రిమినాశక మందు, ఫంగస్ మందు కలిపిన పూత. స్టెరాయిడ్ పూతలను వైద్యుల చీటీ ఉంటేనే అమ్మే మందుల జాబితాలో కేంద్ర ప్రభుత్వం 2018లోనే చేర్చింది. అయినా చీటీ లేకుండా చేతులు మారుతూనే ఉన్నాయి. కంటి చుట్టూ అలాంటి మందు వారాల తరబడి రాస్తే లోపలికి ఇంకి కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులకు, శుక్లాలకు దారితీసే ప్రమాదం ఉంది. పైగా ఆ పూతల్లో తరచుగా కలిపే నియోమైసిన్ అనే మందే కొందరికి అలర్జీ తెచ్చిపెడుతుంది. అంటే రోగం మీద ఇంకో రోగం. దయచేసి ఎవరూ ఆ ట్యూబుల జోలికి పోవద్దు.

సెప్టెంబర్ నెలాఖరుకు రెప్పలు మామూలు స్థితికి వచ్చాయి. రంగు మానేసినందువల్లే తగ్గిందని ఇంట్లో అందరికీ చెప్పాను. అక్టోబర్ 2న, పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మ. ఏటా మా ఇంట్లో బతుకమ్మను పేర్చే పని నాదే. తంగేడు, గునుగు పూలు చుట్టుపక్కల నుంచి మావారు తెచ్చారు. బంతి, చామంతి మార్కెట్లో కిలోల లెక్కన కొన్నాము. మధ్యాహ్నం రెండు గంటల నుంచి ఐదు వరకు చామంతులను తొడిమల దగ్గర తుంచుతూ, వరుసలు పేరుస్తూ కూర్చున్నాను. చెమట పడితే మణికట్టుతో కళ్లు తుడుచుకున్నాను. మూడో తేదీ ఏమీ లేదు. నాలుగో తేదీ తెల్లవారేసరికి రెప్పలు మళ్లీ వాచాయి. జుట్టుకు రంగు వేసి అప్పటికి నెల దాటింది. సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10న. పెద్ద బతుకమ్మ కాబట్టి పూలూ ఎక్కువే. పన్నెండున దసరా; సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర అందరూ ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టుకుంటుంటే, నేను నల్ల కళ్లద్దాలతో, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఒక పక్కగా నిలబడ్డాను. ఈసారి రెప్పలతో పాటు గడ్డం కింద, మెడ మడతల్లోనూ దురద మొదలైంది.

దసరా సెలవుల్లోనే కంటి వైద్యురాలిని కలిశాను. ఆమె దీపం పరికరం ముందు కూర్చోబెట్టి చూసి, కంటి ఒత్తిడి కొలిచి, ఒక్క మాట అన్నారు. "మీ కన్ను బాగుందమ్మా. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది, పుసి లేదు, కంటి లోపల దురద లేదు. ఇది రెప్ప చర్మానికి వచ్చిన జబ్బు. చర్మవైద్యులకు చూపించుకోండి." పుప్పొడి, ధూళి కంటిపొరకు పడక వచ్చే అలర్జీలో తెల్లగుడ్డు ఎర్రబడి నీరు కారుతుంది, రెప్పల అంచులకు వచ్చే జబ్బులో వెంట్రుకల మొదళ్లలో పొట్టు పేరుకుంటుంది, కంటికురుపు అయితే ఒకచోట గట్టిగా నొప్పి చేస్తుంది. నాకు అవేవీ లేవు. మొదటి రోజు అద్దంలో చూసుకున్నప్పుడే కళ్లు తెల్లగా ఉన్నాయన్న సంగతి నా ఎదుటే ఉంది.

చర్మవైద్యురాలు ముందుగా నా రెప్పల వైపు చూడలేదు. చెవి డొప్పను ముందుకు వంచి దాని వెనక చూశారు. తల ఎత్తమని గడ్డం కింద చూశారు. మోచేతి మడతలు చూశారు. ఎందుకలా అని అడిగితే ఓపికగా వివరించారు. ఎండ ఒంటికి సరిపడక వచ్చే జబ్బు అయితే ఎండ తగలని చోట్లు, అంటే పై రెప్ప మడత, చెవి వెనక, గడ్డం కింద, జబ్బు సోకకుండా మిగిలిపోతాయి. గాలిలో తేలే ధూళి వల్ల వచ్చేదైతే సరిగ్గా ఆ చోట్లే ఎక్కువగా దెబ్బతింటాయి, ఎందుకంటే ధూళి మడతల్లో చేరి చెమటతో కలిసి అక్కడే ఉండిపోతుంది. నాకు చెవుల వెనక చర్మం పొట్టు లేచి ఉంది. అది నేను ఎన్నడూ చూసుకోని చోటు.

తరువాత ఆమె అడిగిన ప్రశ్నే ఈ మొత్తం వ్యవహారాన్ని మలుపు తిప్పింది. "వాపు కనిపించిన రోజు ఏం చేశారని కాదు, దానికి రెండు రోజుల ముందు ఏం చేశారో చెప్పండి" అన్నారు. ఈ రకం అలర్జీ తిన్న గంటలో దద్దుర్లు తేలే రకం కాదట. ఒక పదార్థం చర్మానికి తగిలినప్పుడు మన రక్షణ కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తు పడిన తరువాత మళ్లీ తగిలితే, ఆ కణాలు అక్కడికి చేరి మంట పుట్టించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వెంటనే తేలే దద్దుర్లకు కారణమయ్యే హిస్టమిన్ అనే రసాయనాన్నే సెటిరిజిన్ అడ్డుకుంటుంది. దాని పాత్ర ఇందులో తక్కువ కాబట్టే ఆ మాత్ర నాకు పనిచేయలేదు. ఏళ్ల తరబడి హాయిగా వాడినది కూడా ఒకనాడు హఠాత్తుగా పడకపోవచ్చు. ఇక రెప్పలే ఎందుకంటే, ఒంట్లో అన్నిటికంటే పలచని చర్మం అదే, సుమారు అర మిల్లీమీటరు. దాని కింది కణజాలం వదులుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి నీరు చేరినా తిత్తిలా ఉబ్బుతుంది. చేతులతో పట్టుకున్నదేదైనా అరచేతుల మందపాటి చర్మాన్ని ఏమీ చేయకుండా, రెప్పకు అంటి అక్కడ బయటపడుతుంది. మా బడిలోని ఒక తోటి ఉపాధ్యాయురాలికి ఇలాగే రెప్పలు వాస్తుంటే, చివరికి కారణం గోళ్ల రంగు అని తేలింది. ఆమె వేళ్ల మీద మచ్చ కూడా లేదు.

ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకం తెరిచి రెండు రోజుల చొప్పున వెనక్కి లెక్కపెట్టాను. అక్టోబర్ 4 వాపుకు వెనక 2వ తేదీ చామంతులు. 12వ తేదీ వాపుకు వెనక 10వ తేదీ చామంతులు. మరి సెప్టెంబర్ 6? దానికి రెండు రోజుల ముందు, 4వ తేదీన, ఇంట్లో చామంతులు లేవు. ఆ రోజు ఏం జరిగిందో మావారు గుర్తు చేశారు. ఆ వానాకాలపు వానలకు మా ఇంటి పక్కనున్న ఖాళీ ప్లాట్‌లో నడుము ఎత్తున పిచ్చిమొక్కలు పెరిగి ఉంటే, వినాయక మండపం కోసం కాలనీ యువకులు మిషన్ పెట్టి కోశారు. ఆకుల తురుము, తెల్లటి పూల పొడి మా వరండా దాకా పడింది. చీపురుతో ఊడ్చింది నేనే. కోసిన మొక్కలను ప్లాట్ మూలకు కుప్ప వేశారు. అది ఎండుతూ నిమజ్జనం దాకా అక్కడే ఉంది. మిద్దె మీద ఆరేసిన బట్టలు, తువ్వాళ్లు, తలగడ గలేబులు అన్నీ ఆ గాలిలోనే ఆరాయి. ఆ మొక్కలు వయ్యారిభామ.

అనుమానం వేరు, నిర్ధారణ వేరు. రంగు విషయంలో ఒకసారి అనుమానాన్నే నిజమనుకుని మోసపోయాను కాబట్టి ఈసారి పరీక్షకు పట్టుబట్టాను. ప్యాచ్ పరీక్ష అంటారు దీన్ని. 1895లో జర్మన్ వైద్యుడు జోసెఫ్ యాడాసన్ మొదలుపెట్టిన పద్ధతి. నూటముప్పై ఏళ్లు దాటినా స్పర్శ అలర్జీని పట్టుకోవడానికి ఇప్పటికీ ఇదే ఆధారం. రక్తపరీక్షలూ, చేతి మీద సూదితో గుచ్చి ఇరవై నిమిషాల్లో చూసే పరీక్షలూ వేరే రకం అలర్జీకి సంబంధించినవి, ఇందుకు పనికిరావు. వేలకు వేలు పోసి రక్తపరీక్షలు చేయించుకునే ముందు ఈ తేడా వైద్యులను అడిగి తెలుసుకోవడం మంచిది. ముఖం మీద వాపు పూర్తిగా తగ్గాకే పరీక్ష చేస్తామన్నారు. చెమటకు పట్టీలు ఊడిపోతాయి కాబట్టి చలికాలం అనుకూలమన్నారు. అందుకని నవంబర్ వరకు ఆగి, హైదరాబాద్‌లో మా చెల్లె ఇంట్లో ఐదు రోజులు ఉండి చేయించుకున్నాను.

నవంబర్ 18, సోమవారం ఉదయం, చిన్న అల్యూమినియం గిన్నెలు వరుసగా అతికించిన పట్టీలు వీపు మీద వేశారు. ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం. మన దేశంలోని రోగులకు తగినట్టు కూర్చిన జాబితా అది: నికెల్, సిమెంటులో ఉండే క్రోమియం లవణం, జుట్టు రంగు రసాయనం, సువాసన ద్రవ్యాలు, రబ్బరు రసాయనాలు, నియోమైసిన్, వయ్యారిభామ. వాటితో పాటు నేను తీసుకెళ్లిన కుంకుమ, కాటుక, ముఖానికి రాసే క్రీము, చామంతి రేకులు, బంతి రేకులు కూడా పెట్టారు. రెండు రోజులు వీపు తడపకూడదు, వంగి బరువులు ఎత్తకూడదు, బోర్లా పడుకోవాలి. మంగళవారం రాత్రి కుడి భుజం ఎముక కింద ఒకచోట దురద మొదలై తెల్లవార్లూ నిద్రపోనివ్వలేదు. గోకకూడదు కాబట్టి చెల్లె పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. బుధవారం పట్టీలు విప్పి, ఇంకుతో గుర్తులు పెట్టి, శుక్రవారం మళ్లీ చూశారు. వయ్యారిభామ పెట్టిన చోట రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, దాని మీద ఆవగింజలంత నీటి పొక్కులు. చామంతి రేకుల చోట అంతకంటే చిన్న మచ్చ. బంతి దగ్గర ఏమీ లేదు. నేను మొదట్లో నిందించిన జుట్టు రంగు చోట చర్మం మామూలుగానే ఉంది.

వయ్యారిభామకు, చామంతికి ఏం బంధుత్వం అని ఇంట్లో అందరూ అడిగారు. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినవే. మనం ఒక పువ్వు అనుకునేది ఆ కుటుంబంలో ఎన్నో చిన్న పుష్పాల గుత్తి. ఈ పాఠం ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. ఆ కుటుంబంలోని అనేక మొక్కల్లో సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే రసాయనాలు ఉంటాయి. వయ్యారిభామలో ఉండే పార్థెనిన్ ఆ జాతిదే. అది ఆకుల మీది సన్నని నూగులో ఉంటుంది. మొక్క ఎండినా నశించదు, పొడిగా రాలి గాలికి లేస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకున్న రక్షణ కణాలు చామంతిలోని సమీప రసాయనాన్ని చూసినా అదే శత్రువనుకుంటాయి. చిన్ననాటి నుంచి చామంతులు నన్ను ఏమీ చేయలేదు. ఈ కాలనీకి వచ్చి నాలుగేళ్లు ఈ మొక్కల మధ్య ఉన్నందువల్ల వయ్యారిభామ పడకుండా పోయిందని, దాని వెనకే చామంతి కూడా దూరమైందని వైద్యురాలి అభిప్రాయం.

ఈ మొక్క మనది కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. 1955 ప్రాంతంలో పుణెలో విరివిగా కనిపించి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. దిగుమతి గోధుమల వెంట వచ్చిందని చెప్పుకుంటారు. కాంగ్రెస్ గడ్డి అని, ఆకు చూసి క్యారట్ గడ్డి అని కూడా అంటారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పుణెలోనే మొదట ఈ మొక్క తెచ్చే చర్మవ్యాధి పెద్ద ఎత్తున బయటపడింది. పొలాల్లో కలుపు తీసే వారికి, గట్ల మీద నడిచే రైతులకు ఇది ఏళ్ల తరబడి పట్టిపీడించి, ముఖ చర్మం మొద్దుబారి, ముడతలు తేలి, నల్లబడిపోతుంది. అలాంటి వారికి నోటి ద్వారా శక్తిమంతమైన మందులు వాడవలసి వస్తుంది. మా ఊళ్లో ఒక పెద్దాయన ముఖం అలాగే ఉండేది. ఎండకు కమిలిందని అందరం అనుకునేవాళ్లం. ఆయన ఎన్నేళ్లు బాధపడ్డారో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. నాకు పరీక్ష చేయించుకునే వీలు, చెప్పగలిగిన వైద్యురాలు దొరికారు. ఆయనకు ఆ అవకాశమే రాలేదు.

కారణం తెలిశాక చేసినవన్నీ చిన్న పనులే. బట్టలు మిద్దె మీద కాకుండా లోపలి వరండాలో ఆరేస్తున్నాము. ముఖ్యంగా తువ్వాళ్లు, తలగడ గలేబులు. ఖాళీ ప్లాట్ల వెంబడి చేసే ఉదయపు నడక మానేసి బడి మైదానంలో నడుస్తున్నాను. బయటి నుంచి రాగానే చేతులు, తరువాత ముఖం, ఈ వరుసలోనే కడుక్కుంటాను. గాలి ఎక్కువగా వీచిన రోజు రాత్రి తలస్నానం చేసి పడుకుంటాను, ఎందుకంటే జుట్టులో చేరిన ధూళి దిండు మీదుగా రెప్పలకే చేరుతుంది. వానాకాలంలో ప్లాట్ వైపు కిటికీలు మూసి ఉంచుతాము. వాపు వచ్చినప్పుడు చల్లని తడిగుడ్డ, పైన పలచగా వాసన లేని వాజెలిన్. వైద్యురాలు రాసిచ్చిన టాక్రోలిమస్ పూత ఆమె చెప్పినన్ని రోజులే. అది స్టెరాయిడ్ కాదు కాబట్టి రెప్పల చర్మాన్ని పలచబరచదు; మొదటి రెండు మూడు రోజులు కొంచెం చురుక్కుమంటుంది, భయపడనవసరం లేదు. గోళ్లు కురచగా ఉంచుకోవడం కూడా వైద్యంలో భాగమే.

ప్లాట్ సంగతి మాత్రం అంత తేలికగా తెమలలేదు. యజమాని ఎక్కడో ఉంటారు. ఎన్నిసార్లు కబురు చేసినా జవాబు లేదు. ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతటా వయ్యారిభామ నిర్మూలన అవగాహన వారం జరుపుతారు. 2025లో ఆ వారంలో మా బడి పిల్లల తల్లిదండ్రులతో, కాలనీ వారితో మాట్లాడి పని మొదలుపెట్టాము. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. పూసిన తరువాత మిషన్‌తో కోయడం అంటే దాన్ని గాలికి ఎక్కించడమే. పీకేవారు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. పిల్లల చేత పీకించవద్దని గట్టిగా చెప్పాను, నేనూ దూరంగానే ఉన్నాను. పైర్లు లేని ఖాళీ జాగాల్లో ఒక లీటరు నీటికి సుమారు 200 గ్రాముల ఉప్పు కలిపి లేత మొక్కల మీద చల్లితే మాడిపోతాయి. పీకిన కుప్పను తగలబెట్టకుండా గుంత తీసి పూడ్చాము. ఖాళీ అయిన నేల మీద తంగేడు గింజలు చల్లాము. వయ్యారిభామను ఎదగనివ్వకుండా పోటీపడి పెరిగే మొక్కల్లో తంగేడు ఒకటి. వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేసిన జాబితాలో అదీ ఉంది.

2025లో సెప్టెంబర్ 21న ఎంగిలిపూలు, 30న సద్దులు వచ్చాయి. మా ఇంటి బతుకమ్మలో చామంతి లేదు. "చామంతి లేని బతుకమ్మ ఏం బతుకమ్మ" అని అత్తమ్మ మొదట నొచ్చుకుంది గానీ, ఆమే పొద్దున్నే లేచి వెళ్లి గునుగు కట్టలు తెచ్చి, రంగులద్ది, నా చేతికి ఇచ్చింది. కింద గుమ్మడి ఆకు, దాని మీద తంగేడు, గునుగు, మధ్యలో కట్ల పూలు, మళ్లీ తంగేడు. బంతి పరీక్షలో నిలిచింది కాబట్టి అది ఉంది, కానీ దాన్ని తుంచి పేర్చింది మా పెద్దమ్మాయి. పక్కింటి వారి బతుకమ్మల్లో చామంతులు ఉన్నాయి కనుక ఆడేటప్పుడు రెండు బారల దూరంలో నిలబడి చప్పట్లు వేశాను. అక్టోబర్ 2న, దసరా రోజు ఉదయం, అద్దం ముందు నిలబడి మొదట చెవుల వెనక చూసుకున్నాను, తరువాత గడ్డం కింద, ఆఖరున రెప్పలు. రెండు రెప్పల మీదా మడత గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.